అమ్మ పక్కన జాగా

విమానం దిగిన మర్నాడు నాకు మనుషుల ముఖం చూడబుద్ధి కాదు. వెల్లింగ్టన్ నుంచి సిడ్నీ, సిడ్నీ నుంచి సింగపూర్, అక్కడి నుంచి బెంగళూరు, ఆపైన టాక్సీలో కేజీఎఫ్. యాభై ఎనిమిదేళ్ళ ఒళ్ళు, ఎన్నిసార్లని ఓర్చుకుంటుంది? రాబర్ట్‌సన్‌పేట లాడ్జిలో పడుకుంటే పైన ఫ్యాను కొట్టుకోవడం, కింద ఆటోల హారన్లు, ఎనిమిదికల్లా నీళ్ళు ఆగిపోతాయని మేనేజరు హెచ్చరిక. ఇరవై ఏడేళ్ళుగా వచ్చిన ప్రతిసారీ మొదటి పొద్దున నేను అనుకునే మాట ఒకటే: ఇదే ఆఖరు, ఇంక చస్తే రాను. తిరిగి వెళ్ళే రోజు విమానాశ్రయంలో ఒక మూల కూర్చుని ముక్కు చీదుకునేదీ నేనే. నా కూతురు జాస్మిన్‌కి ఇదంతా తమాషా. నాకు మాత్రం విసుగు. ఒక ఊరిని ఇన్నిసార్లు వదిలేసి ఇన్నిసార్లు పట్టుకుంటే ఊరికి ఏమవుతుందో గానీ మనిషి అరిగిపోతుంది.

ఈసారి తేల్చుకునే వచ్చాను. హ్యాండ్‌బ్యాగులో పాస్‌పోర్టు పక్కనే మా చర్చి సమాధుల కమిటీకి రాసిన ఉత్తరం ఉంది. మా నాన్న నా పేరున తీసిపెట్టిన జాగా నాకు ఇక అక్కర్లేదు, అవసరమున్నవాళ్ళకి ఇచ్చేయండి అని అందులో రాశాను.

ఆ జాగా సంగతి చెప్పాలి. మా నాన్న చాంపియన్ రీఫ్ బంగారు గనిలో లోపలి పని చేసేవాడు. లోపలికి దిగేవాళ్ళ ఇళ్ళల్లో, మా తెలుగు చర్చివాళ్ళకి ఒక అలవాటు ఉండేది. పెళ్ళయి బిడ్డ పుట్టగానే, ఇంటికి గిన్నెలూ మంచాలూ అమర్చుకున్నట్టు, శ్మశానంలో పక్కపక్కన జాగాలు తీసిపెట్టుకునేవాళ్ళు. ఏ రోజు ఎవరు పైకి రాకుండా పోతారో తెలియదు కాబట్టి, పోయాక మిగిలినవాళ్ళు జాగా కోసం తిరగకూడదని. మాకు మూడు. నాన్నది, అమ్మది, ఒక్కతే కూతురిని గనక నాది. నాకు ఆరేళ్ళప్పుడు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నాన్న నన్ను అక్కడికి తీసుకెళ్ళి, ఇది నీది, ఎవరూ లాక్కోలేరు అని చూపించాడు. ఆ వయసులో నాది అని చెప్పుకోవడానికి నాకు ఒక పలకా, ఆ ఆరడుగుల నేలా తప్ప ఇంకేమీ లేవు.

నాన్న, అమ్మ ఇప్పుడు వాళ్ళ వాళ్ళ జాగాల్లోనే ఉన్నారు. నేను నర్సు పని మీద న్యూజీలాండ్ వెళ్ళాను. అక్కడే పెళ్ళి, అక్కడే విడాకులు, అక్కడి పాస్‌పోర్టు. మన పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేసిన రోజు కౌంటరు వెనక ఉన్నామె దాని మీద రద్దు ముద్ర కొట్టి నవ్వుతూ నా చేతికిచ్చింది. పెద్దగా బాధ పడలేదు. జాగా ఉంది కదా అనుకున్నాను. పాస్‌పోర్టుకీ శ్మశానంలో జాగాకీ ఏం సంబంధమో నాకు తెలియదు గానీ, ఆ మాట అనుకున్నాకే ఆఫీసు మెట్లు దిగగలిగాను.

ఊరు మనిషిలోంచి అంత సులభంగా పోదు. వెల్లింగ్టన్‌లో అప్పుడప్పుడూ భూమి కదులుతుంది. నేను ఆసుపత్రిలో చేరిన ఆరేళ్ళకి ఒకసారి వార్డులో మంచాలు గడగడలాడాయి. నర్సులంతా బల్లల కిందికి దూరారు. నేను మాత్రం నింపాదిగా గుమ్మం దగ్గరికి వెళ్ళి చెవి పెట్టి నిలబడ్డాను. మా క్వార్టర్సులో గిన్నెలు అదిరితే లోపల బండ పగిలిందని అర్థం. ఆడవాళ్ళంతా గడపల్లోకి వచ్చి, గనిలోకి దిగే ఏ షాఫ్టు దగ్గర సైరన్ మోగుతుందా అని ఎదురుచూసేవాళ్ళు. నేను ఆ సైరన్ కోసం వింటున్నాను. హెడ్ నర్సు నన్ను చెయ్యి పట్టి బల్ల కిందికి లాగింది. గని మూతపడి అప్పటికే మూడేళ్ళు.

రెండు నెలల కింద వీలునామా రాయించేటప్పుడు, ఎక్కడ పాతిపెట్టాలని లాయరు అడిగాడు. నేను నోరు తెరిచేలోగా జాస్మిన్ చెప్పేసింది, పెట్టెలో పెట్టిన అమ్మని మూడు విమానాలు మార్చుకుంటూ తీసుకెళ్ళడం తన వల్ల కాదని. దాన్ని తప్పు పట్టలేదు. బతికున్న నన్నే ఆ మూడు విమానాలు చంపుతున్నాయి. ఆ సాయంత్రమే ఉత్తరం రాసి తారీఖు వేశాను. రాశాక హాయిగా ఉందని అనుకున్నాను.

పొద్దున తొమ్మిదికి ఆటో మాట్లాడుకుని శ్మశానానికి వెళ్ళాను. ముందు అమ్మకి పూలు పెట్టి, తరవాత కమిటీ సెక్రటరీ గాడ్విన్‌కి ఉత్తరం ఇవ్వాలని. మొన్నటి వానలకి పాత గేటు వైపు గోడ కూలిపోయిందట, ఆటో అవతలి వైపు కొత్త గేటు దగ్గర ఆగింది. బంగారం తీశాక మిగిలిన పొడి పోసిన సైనైడ్ దిబ్బల మీద నుంచి గాలి కొడుతోంది. నోట్లో ఆ పిండిలాంటి దుమ్ము పడగానే నాకు చిన్నతనమూ గుర్తొచ్చింది, కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళయినా ఈ దిబ్బల్ని పట్టించుకునే నాథుడు లేడు.

మూడో వరుసలో అమ్మ రాయి పక్కన ఎర్రమట్టి కుప్ప కనిపించింది. దగ్గరికి వెళ్తే గుంత. గుంతలో రొమ్ముల దాకా దిగి, తలపాగాతో ఒక మనిషి. గోపాలప్ప.

గోపాలప్పకి డెబ్బై దాటాయి. వాళ్ళు పలమనేరు పక్క పల్లెవాళ్ళు, తాతల నాడే గని పనికి వచ్చారు. లోపల మా నాన్న గ్యాంగులోనే పనిచేశాడు. గని మూసేశాక మా శ్మశానంలో గుంతలు తవ్వడం మొదలుపెట్టాడు. హిందువు కదా అని మొదట్లో ఎవరో నసిగారట. కానీ ఇక్కడ మూడడుగుల కింద బండ తగులుతుంది, బండ సంగతి తెలిసినవాడు కావాలి. ఇప్పటికీ గోడలు జారకుండా గనిలో లాగా పలకలు బిగిస్తాడు, కడ్డీతో గోడ తట్టి శబ్దం విని గానీ దిగడు. అతని గుంత చూశాక నసిగినవాళ్ళు నోళ్ళు మూసుకున్నారు.

నన్ను చూసి ఎప్పుడొచ్చినావమ్మా అన్నాడు. ఎవరికి మామా ఇది అని అడిగాను.

"జెరాల్డ్‌కి. మొన్న పొద్దున పోయినాడు. నీకు తెలీదా?"

తెలియదు. జెరాల్డ్ మా క్వార్టర్సు లైనులోనే, మాకు నాలుగిళ్ళ అవతల ఉండేవాడు. ఒకే బడి. గని మూసేశాక ఇరవై ఏళ్ళు రోజూ తెల్లారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరు వెళ్ళి, ఏదో కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ పని చేసి, రాత్రికి తిరిగి వచ్చేవాడు. నేనంటే పడదు. వచ్చినప్పుడల్లా చర్చి ఆవరణలో నలుగురి ముందూ నా జాగా మాట ఎత్తేవాడు. ఊర్లో ఉండి ఆదివారం బెంచీ మీద కూర్చునేవాళ్ళకే ఇకమీదట కొత్త జాగాలు ఇవ్వాలని ఐదేళ్ళ కింద కమిటీలో తీర్మానం పెట్టించిందీ అతనే. నాది నాన్న కాలంలో తీసుకున్నది కాబట్టి దాన్ని తాకలేకపోయాడు. కిందటిసారి, దేశం వద్దనుకున్నోళ్ళకి దేశంలో మన్ను ఏంటికి అన్నాడు. నువ్వు దగ్గే దుమ్ము నువ్వే ఉంచుకో అన్నాను నేను. అప్పటికే అతనికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. నర్సునై ఉండి ఆ మాట అన్నాను.

ఇప్పుడు ఆ జెరాల్డ్ కోసం నా జాగాలో గుంత. చేతిలో పూలు అలాగే ఉన్నాయి. వదిలేస్తానని ఉత్తరం రాసుకుని తెచ్చిన మనిషిని, ఊరు దద్దరిల్లేలా అరిచాను. ఇది నాది, మా నాన్న నాకిచ్చింది, ఎవర్నడిగి తవ్వావు అని. గోపాలప్ప నిచ్చెన ఎక్కి పైకి వచ్చాడు. ముఖం పాలిపోయింది. జేబులోంచి కమిటీ ఇచ్చిన చీటీ తీసి చూపించాడు. మూడో వరుస, గేటు నుంచి తొమ్మిదోది అని ఉంది.

గాడ్విన్‌కి ఫోన్ చేస్తే స్కూటరు మీద పది నిమిషాల్లో వచ్చాడు. చీటీ చూశాడు, గుంత చూశాడు, తల పట్టుకున్నాడు. అతను రాసింది పాత గేటు లెక్క. వరుసలన్నీ ముందు నుంచీ అటు నుంచే లెక్క. అటు చివర తొమ్మిదోది, హక్కుదారులు ఎవరూ మిగలని ఖాళీ జాగా, దాన్ని జెరాల్డ్‌కి ఇచ్చారు. గోపాలప్పేమో కొత్త గేటు నుంచి లెక్కపెట్టాడు. గనిలో దేన్నైనా మనిషి దిగిన షాఫ్టు నుంచే లెక్కపెడతారు. షాఫ్టు మారితే లెక్క మారుతుంది. ముప్పై ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతట అదే అటు పోయింది. గుర్తుకి ఉండాల్సిన ఇనుప మేకులన్నీ ఎప్పుడో పాత సామాన్లోళ్ళకి పోయాయి.

మా అమ్మ రాయి కనిపించలేదా, పక్కది నాదని తెలియదా అని గోపాలప్పని నిలదీశాను.

"కనిపించింది. జెరాల్డ్ ఎప్పుడూ అంటానే ఉన్నాడు గదమ్మా, నీ జాగా వాపసు తీసుకోవాలని. తీసేసుకున్యారేమో అనుకున్యా. అట్లే చేస్తారేమో అనుకున్యా."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. అంటే ఊరంతా అలాగే అనుకుంటోంది, నా జాగా ఎప్పుడో పోయిందని.

గాడ్విన్ నెమ్మదిగా సంగతి చెప్పాడు. నాలుగు గంటలకి సమాధి కార్యక్రమం. శవం రెండు రోజులుగా ఐసు పెట్టెలో ఉంది. అసలు జాగాలో బండ పైకే ఉంది, అక్కడ కొత్తగా తవ్వాలంటే ఇంకో రెండు రోజులు. నేను ఒప్పుకుంటే ఇందులోనే పెట్టేస్తారు. అటు చివరి జాగా నాకిచ్చేయొచ్చు కదా అన్నాను. అతను నేలచూపులు చూశాడు. తీర్మానం ప్రకారం అది కొత్త జాగా కిందికి వస్తుంది, ఊర్లో లేనివాళ్ళకి రాయడానికి వీల్లేదు, కమిటీలో మాట్లాడి చూస్తాను గానీ మాట ఇవ్వలేనన్నాడు. జెరాల్డ్ పెట్టించిన తీర్మానం చచ్చాక కూడా నన్ను వదల్లేదు. ఇంకో మాట కూడా గాడ్విన్ గొణిగాడు, తెరిచిన గుంతని ఖాళీగా పూడిస్తే ఆ జాగా ఇంటివాళ్ళలో ఒకర్ని పిలుస్తుందంటారని. ఆ ఇంటివాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే. ఇలాంటివి నేను నమ్మను. అయినా గుంత అంచు నుంచి ఒక అడుగు వెనక్కి వేశాను.

కుదరదు అన్నాను. రెండు రోజులైనా సరే వేరే తవ్వండి, ఇది నాది.

గాడ్విన్ ఫోన్ తీసి పక్కకి వెళ్ళాడు. గోపాలప్ప సమ్మెట తీసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"నేను తవ్వతానమ్మా. నాది తప్పు, రెండు దినాలైనా తవ్వతా. ఒక మాట అడగతా, కోపం చేసుకోవద్దు. నువ్వు పోయినంక నిన్ను ఈడికి తెచ్చేదానికి ఎవరుండారు?"

"ఎవరూ లేరు మామా."

అతను తల ఊపాడు. మందలింపు లేదు, జాలి లేదు. బండ మందం ఎంతో చూసుకున్నవాడిలా, సరే అని వరుస అటు చివరికి నడిచాడు. కాసేపటికి సమ్మెట దెబ్బ వినిపించింది. డెబ్బై రెండేళ్ళ మనిషి దెబ్బకీ దెబ్బకీ మధ్య చాలాసేపు ఆగుతున్నాడు.

నేను పూలు అమ్మ రాయి మీద పెట్టి, సెలీనా ఇంటికి వెళ్ళాను. జెరాల్డ్ భార్య సెలీనా బడిలో నా పక్కన కూర్చునేది. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు. పోట్లాడదామనో, ఆమె బతిమాలితే కాదనే సుఖం కోసమో. మా పాత లైను, తగరపు కప్పులు, గుమ్మం ముందు షామియానా. లోపల ఐసు పెట్టె అద్దం కింద జెరాల్డ్, సెక్యూరిటీ డ్యూటీకి వెళ్తున్నట్టు నున్నగా గీసిన గడ్డంతో. బెంగళూరు నుంచి వచ్చిన కూతురు గోడకి ఆనుకుని నిద్రపోతోంది. గాడ్విన్ అప్పటికే ఫోన్లో చెప్పినట్టున్నాడు.

సెలీనా బతిమాలలేదు. నన్ను చూసి కుర్చీ లాగింది, నీళ్ళు ఇచ్చింది. విమానంలో తిండి పెట్టినారా అని అడిగింది. జాగా మాట నేనే ఎత్తాను.

"నీ ఇష్టం ప్రిన్సీ. రెండు దినాలు పెట్టెలో ఉండినాడు, ఇంగ రెండు దినాలు ఉంటాడు. ఆయనకి ఇంగ యాడికీ పోయే అవసరం లేదు."

కోపంగా అనలేదు. అలసిపోయి అంది. ఆ అలసట నాకు బాగా తెలుసు, మూడు విమానాలు దిగాక నాకుండేది అదే. నేను ఏడాదికోసారి దాన్ని మోసుకొస్తాను, ఆమె దాంతోనే కాపురం చేస్తోంది. కళ్ళు మూసుకుంటే సమ్మెట చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. తల్లి పక్కన పడుకోవాలన్న ఆశ కోసం, ఎప్పటికీ రాని నా శవం కోసం, ఒక ముసలివాడి చేత బండ కొట్టిస్తున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా ఆ జాగా నాకు కావాలి. ఆ రెండూ నిజమే, ఏది పెద్దదో తేల్చుకునే ఓపిక నాకు లేదు.

అప్పుడే వచ్చి షామియానా కింద నిలబడ్డ గాడ్విన్ చేతిలో ఉత్తరం పెట్టాను. గోపాలప్పని ఆపమని ముందు ఫోన్ చేయించాను. అతను ఫోన్ పెట్టేసి ఉత్తరం చదివాడు, మళ్ళీ పైకి వెళ్ళి తారీఖు చూశాడు.

"ఇది రెండు నెలల ముందే రాసినావు గదక్కా. మరి పొద్దున అట్ల ఏంటికి అరిచినావు?"

ఇవ్వడం వేరు, పోవడం వేరు అని చెప్పి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. అతనికి అర్థమైందో లేదో. ఉత్తరం మడిచి బైబిల్లో పెట్టుకున్నాడు.

నాలుగింటికి అందరూ శ్మశానం చేరారు. పెద్ద గుంపేం కాదు. బెంగళూరు రైల్లో జెరాల్డ్‌తో పాటు ఏళ్ళ తరబడి ప్రయాణం చేసినవాళ్ళు పదిమంది సెలవు పెట్టి వచ్చారు. గోపాలప్ప తలపాగా విప్పి దూరంగా నిలబడ్డాడు. తాళ్ళ మీద పెట్టె దిగుతుంటే గుంత గోడలు ఎంత సాపుగా ఉన్నాయో చూశాను. అమ్మ వైపు గోడకీ అమ్మకీ మధ్య మట్టి జానెడు కూడా ఉండదు.

మా వాళ్ళ పద్ధతిలో, జాగా ఇచ్చినవాళ్ళు ముందు పిడికెడు మన్ను వెయ్యాలి. పాస్టరు ప్రార్థన ముగించి నన్ను పిలిచాడు. నేను వంగి మన్ను తీసుకున్నాను. చెయ్యి తెరుచుకోలేదు. అందరూ చూస్తున్నారు. బలవంతాన వేళ్ళు విప్పితే మన్ను పెట్టె మీద పడిన చప్పుడు వినిపించింది. అంతే, ఏడుపు తన్నుకొచ్చింది. నాన్న పోయినప్పుడు వీసా దొరక్క రాలేదు, అమ్మ పోయినప్పుడు అంతా అయిపోయాక వచ్చాను, అప్పుడు ఏడవని ఏడుపంతా ఇప్పుడు వచ్చింది. సిగ్గు లేకుండా, గట్టిగా, ఆరేళ్ళ పిల్లలా ఏడ్చాను. నన్ను నేనే పూడ్చిపెట్టుకుంటున్నట్టుంది. ఇన్నేళ్ళూ ఈ దేశాన్ని అంత ధైర్యంగా తిట్టుకున్నది, ఎప్పటికైనా ఇక్కడికే వస్తానన్న ధీమాతో. ఆ ధీమా పోయింది, దాంతోపాటు తిట్టే హక్కూ పోయింది. రైలువాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. జెరాల్డ్ కోసం అంతగా ఏడ్చే మనిషి ఉందని వాళ్ళకి తెలియదు.

పూడ్చడం అయిపోయింది. జనం గేటు వైపు కదిలారు. సెలీనా, నేను అమ్మ సమాధి గట్టు మీద కూర్చున్నాం. ఆమె కొంగుతో నా ముఖం తుడిచింది. మొగుడు పోయింది ఆమెకి, ముఖం తుడిపించుకుంటున్నది నేను.

"ఏంటికే అంత ఏడిస్తివి? మీ ఇద్దరికీ ఎప్పుడూ పడలేదు గదా."

"జెరాల్డ్ కోసం ఏడవలేదు సెలీనా. ఈ ఊర్లో ఇంగ నాకేమీ లేకుండా పాయె."

సెలీనా కొంగు దులుపుకుని కొత్త మట్టి వైపు తిరిగింది.

"మాకు మాత్రం ఏముండాది ప్రిన్సీ? గని పాయె. ఆయన పాయె. కూతురు రేపు బెంగుళూరికి పోతాది. ఉండాము, అంతే."